చిన్నల్లుడు వేసిన లైను

నా తోడల్లుడంటే నాకు మొదటినుంచీ కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి చెప్పుకుంటూ పోతే మధ్యలో ఎక్కడో నేను మంచివాణ్ణని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించవచ్చు, అది ఇంకా ప్రమాదం.

అతను నా భార్య చెల్లెలి భర్త. నాకంటే ఆరేళ్ళు చిన్న. పలాసలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఒక చిన్న కంపెనీలో ఇద్దరం పనిచేస్తున్నాం. అతన్ని ఆ పనిలో పెట్టించింది నేనే. పెళ్ళయిన కొత్తలో టెక్కలిలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో ఉండేవాడు. మా ఆవిడ చెల్లెలి కోసం రోజూ చెవిలో జోరీగలా పోరుతుంటే, సరేనని మా యజమానితో మాట్లాడాను. అప్పుడు నేను అనుకున్నదేమిటంటే, నా కింద ఒకడుంటాడు, అన్నయ్యా అన్నయ్యా అంటూ నా వెనకాల నిచ్చెన మోస్తాడు అని. ఏడాది తిరిగేసరికి నిచ్చెన మీద అతనున్నాడు, కింద పట్టుకుని నిలబడింది నేను.

మా పనేమిటో కాస్త చెప్పాలి. లైను వేయడం ఒక ఎత్తు, వేసిన లైను పనికొస్తుందో లేదో తేల్చడం ఇంకో ఎత్తు. ఇక్కడి కంప్యూటరు నుంచి అవతలి చివర ఉన్న కంప్యూటరుకి ఒక చిన్న పలకరింపు పంపుతాం. అది వెళ్ళి, జవాబు తీసుకుని తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో తెర మీద పడుతుంది. దాన్ని పింగ్ అంటారు. కొలత మిల్లీసెకన్లలో ఉంటుంది, అంటే సెకనులో వెయ్యో వంతు. ఒకే భవనంలో ఈ గది నుంచి ఆ గదికైతే ఒకటి లోపు రావాలి. రెండు వస్తే నుదురు చిట్లిస్తాను. ఐదు వస్తే తీగ పీకించి మళ్ళీ వేయిస్తాను. అదే ఇక్కడి నుంచి విశాఖపట్నం దాకా ఒకరి కోసమే ప్రత్యేకంగా ఇచ్చే లీజు లైనైతే, దూరం ఉంది కాబట్టి పది పన్నెండు వచ్చినా సంతోషమే. ఇరవై దాటితే మా కంపెనీ ఒప్పుకోదు. రెండు వందలు దాటిందంటే వీడియోలో మాట్లాడుకునే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడతారు. మీరు చెప్పండి, కాదు మీరే చెప్పండి అనుకుంటూ కూర్చుంటారు.

అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పేవాడు ఈ పనికి పనికిరాడు. నాలుగు పలకరింపులు పంపి ఊరుకోకూడదు, వెయ్యి పంపాలి. అందులో ఎన్ని దారిలోనే పోయాయో చూడాలి. అన్నిటికన్నా ముందు, ఆ సమయంలో లైను ఖాళీగా ఉందా, దాని మీద ఇంకేదైనా బరువు నడుస్తోందా అని కనుక్కోవాలి. పెద్ద పెద్ద ఫైళ్ళు వెళ్తున్న లైను మీద పింగ్ కొట్టడమంటే, లారీలు బారులు తీరిన రోడ్డు మీద సైకిలు తొక్కి రోడ్డు బాగులేదనడమే. ఈ సంగతి కొత్తగా చేరిన ప్రతివాడికీ నేనే నేర్పాను. నా తోడల్లుడికీ నేనే నేర్పాను.

మా యజమాని అంతకు ముందు జీడిపప్పు వ్యాపారి. ఇంటర్నెట్ పనిలోకి వచ్చినా జీడి బట్టీ అలవాట్లు వెంట తెచ్చుకున్నాడు. పప్పు పొట్టు తీసిన మనిషి ఆ పప్పుని గ్రేడు చెయ్యకూడదని ఆయన బట్టీలో ఒక పద్ధతి ఉండేది. తాను విరగ్గొట్టిన బద్దల్ని తానే గుండుల్లో, అంటే విరగని పప్పుల్లో, కలిపేస్తుందేమోనని అనుమానం. అదే పద్ధతి మాకూ పెట్టాడు. లైను వేసినవాడు పరీక్ష చెయ్యకూడదు. నేను వేస్తే అతను చూడాలి, అతను వేస్తే నేను చూడాలి. చూసినవాడు షీటు మీద సంతకం పెట్టాకే లైను మొదలవుతుంది. ఆ షీటు మీద ఏం రాస్తే అదే ఆయనకి వేదం.

మా అమ్మ ముప్ఫై ఏళ్ళు ఇంకో జీడి బట్టీలో గ్రేడింగు బల్ల దగ్గర కూర్చున్న మనిషి. మా ఆఫీసులో ఇంత కట్టుదిట్టం ఉందని ఒకసారి గొప్పగా చెప్తే, ఆవిడ విని, "మరి ఎవులికెవులికి మాటల్లేవో అడగరేటి?" అంది. ఆవిడ పనిచేసిన చోట మేస్త్రీ పొద్దున్నే పళ్ళేలు పంచే ముందు ఆడవాళ్ళలో ఎవరికెవరికి మాటల్లేవో అడిగేవాడట. దెబ్బలాడుకున్న మనిషి ఒలిచిన పప్పు రెండో మనిషి ముందు పెట్టేవాడు కాదట. కోపంలో ఉంటే గుండుని కూడా తీసి బద్దల్లో పడేస్తారని. నేను నవ్వాను. కంప్యూటరు చూపించే అంకెలకి కోపతాపాలు ఉండవమ్మా అన్నాను.

నిజానికి మా ఇద్దరికీ మాటల్లేకపోవడం అంటూ ఎప్పుడూ లేదు. అదే అసలు బాధ. అతను ఒకసారి ఎదురు తిరిగి ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది. ఎప్పుడు చూసినా అన్నయ్యా అంటూ నవ్వుతూనే ఉంటాడు. ఉద్దానంలో కొబ్బరి తోటల మీదుగా లైను తీసుకెళ్ళాలంటే రైతులు నన్ను నాలుగుసార్లు తిప్పుకునేవారు. వైరు తగిలితే చెట్టుకి పిడుగు పడుతుందని ఒకరు, గట్టు మీద స్తంభం పాతితే గట్టు పోతుందని ఇంకొకరు. అదే అతను వెళ్తే మంచం వాల్చి, కూర్చోబెట్టి, పనసకాయ కోసి పెట్టి మరీ ఒప్పుకునేవారు. లైను లోపల ఉండే సన్నటి గాజు తీగ రెండు ముక్కల్ని అతికే పనిలో అతని చెయ్యి నా చెయ్యి కంటే మంచిది. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా పళ్ళు నూరుతున్నాను.

ఇక అత్తవారింటి సంగతి. మా అత్తకి ఇద్దరూ ఆడపిల్లలే, మావయ్య పోయి చాలా కాలమైంది. ఉద్దానంలో చిన్న ఊరు, నాలుగు ఎకరాల కొబ్బరి, జీడి. చిన్న కూతురూ అల్లుడూ ఆవిడ దగ్గరే ఉంటారు. మేం పలాసలో. ఆదివారం మేం వెళ్తే ఆవిడ వంజరం పులుసు వండేది. పొట్ట ముక్క ఒక్కటే ఉంటుంది. దాని కోసం గరిటె దాకలో తిరుగుతుంటే నేను పక్కకి చూస్తూ ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఉండేవాణ్ణి. చూడకపోయినా తెలుసు, అది అతని కంచంలోకే వెళ్తుంది. వయసులో పెద్దవాణ్ణి, ఉద్యోగం ఇప్పించినవాణ్ణి, ఒక చేపముక్క దగ్గర నా కడుపు భగ్గుమనేది. సిగ్గు కూడా వేసేది. సిగ్గు వేసినా మంట తగ్గేది కాదు.

మూడేళ్ళ నుంచి అత్తకి కిడ్నీలు సరిగ్గా లేవు. మా వైపు ఈ జబ్బు లేని వీధి తక్కువ. వారానికి మూడు రోజులు దగ్గర్లోని డయాలసిస్ సెంటరుకి వెళ్ళి కూర్చుంటుంది. పెరట్లో నలభై కొబ్బరి చెట్లున్నా ఆవిడ ఒక బొండం తాగకూడదు. కిడ్నీల పెద్ద డాక్టరు మాత్రం విశాఖలోనే ఉంటారు, ఆయనకి చూపించుకోవాలంటే రైల్లో అంత దూరం వెళ్ళాల్సిందే. ఆయన ఆ సెంటరుకి రాకుండానే వీడియోలో రోగుల్ని చూసే ఏర్పాటు చేస్తామని కబురొచ్చింది. రిపోర్టులు, ఎక్స్‌రేలు తెర మీద చూస్తూ, మనిషితో నేరుగా మాట్లాడుతూ మందులు మారుస్తారు. దాని కోసం లీజు లైను కావాలి. ఆ పని మా కంపెనీకి వచ్చింది. లైను మొదలైతే అత్తకి రైలు ప్రయాణం తప్పుతుంది.

యజమాని పని రెండుగా పంచాడు. సెంటరు లోపలి తీగలన్నీ, కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి కలపడం నా వంతు. తోటల మీదుగా పలాస దాకా బయటి లైను అతని వంతు. నేను మూడు రోజుల్లో నా పని ముగించాను. పద్ధతి ప్రకారం అతను వచ్చి పరీక్ష చేశాడు. మందుల గది దగ్గరున్న ఒక సాకెట్‌లో వెయ్యి పలకరింపులకి ఏడు పోతున్నాయని షీటు మీద రాసేశాడు. రాసి, అన్నయ్యా ఒక్క చోట పిన్ను సరిగ్గా కూర్చోలేదు అని నాకూ చెప్పాడు. అతను చెప్పింది నిజమే. అయినా నాకు ఒక మాట చెప్పి, బాగు చేశాక రాయొచ్చు కదా అనుకున్నాను. యజమాని ఆ షీటు పట్టుకుని అందరి ముందూ, చూశారా సొంత అన్నయ్య అని కూడా చూడలేదు, పనంటే ఇదీ అన్నాడు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు బుగ్గల మీద ఎండిపోయింది.

ఇంకో పని కూడా నేనే చేశాను, అది తర్వాత కావాలి కాబట్టి ఇప్పుడే చెప్తున్నాను. అతని లైను అప్పటికి ట్రయల్ మీద నడుస్తోంది. సెంటరు వాళ్ళు రోగుల పాత రికార్డులన్నీ విశాఖకి చేరాలన్నారు. రోజూ పదకొండింటి నుంచి పన్నెండున్నర దాకా ఆ ఫైళ్ళు వాటంతట అవే వెళ్ళేలా లోపలి కంప్యూటర్లో నేను అమర్చాను. ఆదివారం తప్ప. అది లోపలి పని కాబట్టి నా తోడల్లుడికి తెలీదు. ఆ గంటన్నరా లైను నిండిపోయి ఉంటుంది. నాకు మాత్రం తెలుసు.

అతని లైను పరీక్ష చేయడానికి నేను వెళ్ళిన రోజు పదిన్నరకే చేరుకున్నాను. లాప్‌టాప్ తెరిచి ఊరికే ఒకసారి పింగ్ కొట్టాను. తొమ్మిది. మళ్ళీ తొమ్మిది. మళ్ళీ తొమ్మిది. ఒక్కటి కూడా ఎగరలేదు, పడలేదు. అంత చక్కటి లైను నేను ఇన్నేళ్ళలో వేయలేదు. తోటల్లో ఇరవై ఎనిమిది అతుకులున్న లైను అది. ఆ తొమ్మిదిని చూస్తూ నేను కుర్చీలో వెనక్కి వాలాను. బాగుందని నాకు తెలుసు. బాగున్నందుకే కళ్ళు మండాయి. రేపు యజమాని ఏమంటాడో, ఆదివారం అత్త ఏమంటుందో, ఆ గరిటె ఎటు వెళ్తుందో అన్నీ వరసగా కనిపించాయి.

బయటికి వెళ్ళి టీ తాగాను. అక్కడ పేపరు చదివాను. పదకొండు దాటి పది నిమిషాలయ్యాక లోపలికొచ్చి అసలు పరీక్ష మొదలుపెట్టాను. వెయ్యి పలకరింపులు. రెండు వందల ముప్ఫై, రెండు వందల అరవై, ఒకటి మూడు వందలు కూడా దాటింది. నేను అబద్ధపు అంకె ఒక్కటి కూడా రాయలేదు. కంప్యూటరు చూపించిందే రాశాను. సమయం కూడా రాశాను. కింద, లైను ఒప్పుకోదగినది కాదు అని రాసి సంతకం పెట్టాను. నా లోపలి లైను ఒకటి లోపే ఉందని పక్కన ఇంకో కాగితం కూడా జతచేశాను, తప్పు బయటి లైనుదేనని ఎవరికీ అనుమానం రాకుండా.

యజమాని సెంటరు వాళ్ళకి ఫోను చేసి, ఇంకో మూడు వారాలు పడుతుందని చెప్పాడు. నా తోడల్లుణ్ణి ఏమీ తిట్టలేదు, ఊరికే షీటు చేతిలో పెట్టాడు. అతను దాన్ని రెండుసార్లు చదివాడు. నా వైపు చూసి, ఎక్కడో తేడా చేశానన్నయ్యా, చూస్తాను అన్నాడు. నా మీద అనుమానం రాలేదు. ఆ పాఠం నేర్పినవాణ్ణి కదా, నేను లైను ఖాళీగా ఉందో లేదో చూడకుండా పరీక్ష చెయ్యనని అతని నమ్మకం.

తర్వాత అతను చేసింది తలుచుకుంటే నాకు ఈ రోజుకీ నవ్వు రాదు. రోజంతా గంట గంటకీ లైను కొలిచాడు. పొద్దున కొలిచినా పింగ్ తొమ్మిదే, సాయంత్రం కొలిచినా తొమ్మిదే, పదకొండు నుంచి పన్నెండున్నర దాకా మాత్రం రెండు వందల పైన. ఆలోచించి ఆలోచించి, సూర్యుడు నడినెత్తికి వచ్చి కొబ్బరి నీడ తప్పిపోయే ఆ వేళకే ఏదో అతుకు వేడికి వదులవుతోందని తేల్చుకున్నాడు. ఏ అతుకో తెలీదు. అందుకని అన్నీ విప్పి మళ్ళీ అతకడం మొదలుపెట్టాడు. వైశాఖం ఎండల్లో, సరిగ్గా పదకొండింటికి, ఒక్కో స్తంభం ఎక్కి. అతుకులుండే ప్రతి పెట్టె మీదా నీడ కోసం పచ్చి కొబ్బరి మట్టలు అల్లి కట్టాడు. ఆ తోవలో బస్సులో వెళ్తే స్తంభం స్తంభానికీ తల మీద చుట్టకుదురు పెట్టినట్టు మట్టలు కనిపించేవి. ఊళ్ళో వాళ్ళు ఏటిది ఏదైనా మొక్కుబడేటి అని అడిగేవారట. అతని ముంజేతుల నిండా ఆ మట్టల గీతలే. ఆఫీసులో నేను ఆ చేతుల్ని చూసేవాణ్ణి. లోపల ఎక్కడో తృప్తిగా ఉండేది. అవును, ఉండేది.

అతను అలా స్తంభాల మీద ఉండిపోవడంతో అత్తని విశాఖ తీసుకెళ్ళే పని నా మీద పడింది. అంతకు ముందు ఎప్పుడూ అతనే వెళ్ళేవాడు. మొదటిసారి నేను సంతోషంగానే బయలుదేరాను. పలాసలో పొద్దున్నే పాసింజరు ఎక్కాం. కిటికీ పక్క సీటు ఆవిడకి ఇచ్చాను. ఆవిడ రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని లెక్క. చిన్న సీసాలో ఆ నీళ్ళే ఉన్నాయి. దాహం వేస్తే ఒక ఏలక్కాయ నోట్లో వేసుకుని చప్పరించేది. నౌపడలో రైలు చాలాసేపు ఆగింది. కిటికీలోంచి ఉప్పు మళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఆవిడ సీసా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

అప్పుడే అంది. "సిన్న బాబుకి నానంటే పేనం, కాదన్ను. గానీ బాబూ, పని తెలిసిన మనిషివి నువ్వు. నువ్వు సూసి బాగునేదన్నావు గనక సరిపోయింది. నేకపోతే నానొకటి సెప్తే డాట్రుబాబు ఇంకోటి ఇనీవోరు."

పదేళ్ళుగా నేను ఎదురు చూసిన మాట అది. చిన్నల్లుడితో పోల్చి, నేను మేలని ఆవిడ నోటితో ఆవిడ అనడం. విని నా ఒళ్ళు పొంగింది. ఆ ప్రయాణం ఎందుకు వచ్చిందో నాకు ఒక్క క్షణం కూడా గుర్తు రాలేదని చెప్పలేను. గుర్తొచ్చింది. గుర్తొచ్చినా పొంగింది. ఆవిడ కోసం నేను తాటాకు విసనకర్ర పట్టుకుని విశాఖ దాకా విసిరాను. ఆస్పత్రిలో వరసలో నేనే నిలబడ్డాను. డాక్టరు గదిలోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఎవరో మీ అబ్బాయా అని అడిగితే, పెద్దల్లుడు, కొడుకులాంటోడే అని ఆవిడ చెప్పింది. తిరుగు రైల్లో నేను అలసిపోలేదు.

రెండోసారి అలా లేదు. డయాలసిస్ జరిగిన మర్నాడే వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ కాళ్ళలో సత్తువ లేదు. విశాఖలో మెట్లు ఎక్కుతూ రెండుసార్లు కూర్చుండిపోయింది. డాక్టరు చూసింది ఐదు నిమిషాలు, ఒక మాత్ర మార్చి పంపారు. వచ్చేటప్పుడు రైలు కిక్కిరిసి ఉంది. ఒకాయన్ని బతిమాలి ఆవిడకి చోటిప్పించాను. తిలారు దాటాక ఆవిడకి వాంతి అయింది. నా చేతుల్లోనే అయింది. కండువాతో తుడిచాను. సీసాలో నీళ్ళు అయిపోయాయి. ఇంక నాలుగు చుక్కలు ఇయ్యి బాబూ, ఎవులికీ సెప్పను అంది, చిన్నపిల్లలా. ఇవ్వకూడదు. ఇవ్వలేదు. ఆ ఐదు నిమిషాల మాటలకి, ఆ ఒక్క మాత్రకి, నేను తొమ్మిది మిల్లీసెకన్ల లైనుని ఆపి ఆవిడని అంత దూరం తిప్పాను. అప్పుడు మాత్రం భయం వేసింది. రేపు పొద్దున యజమానికి నిజం చెప్పేద్దామని నౌపడ స్టేషన్లో అనుకున్నాను. పలాస వచ్చేసరికి ఎల్లుండి చెప్దామనుకున్నాను.

ఎల్లుండి అవసరం లేకపోయింది. మర్నాడే నా తోడల్లుడు ఆఫీసులో నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఎండకి మొహం కమిలిపోయి ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుని, మెల్లగా అన్నాడు. "అన్నయ్యా, మొన్న ఆదోరం ఎండ ఇంకా ఎక్కువుంది. అయినా ఆ పూట లైను తొమ్మిదే సూపించింది. అయితే ఇది ఎండ కాదు. పదకొండింటికి ఆ సెంటర్లో ఏటైనా నడుస్తందేటి? నీకు తెలుసా?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. అతనే దారి తీసి ఇచ్చాడు. మర్చిపోయాను తమ్ముడూ అన్నా సరిపోయేది. అది కూడా అబద్ధమే, కాని చిన్న అబద్ధం, దాంతో అన్నీ సర్దుకునేవి. కాని మర్చిపోయాను అంటే, నేను నేర్పిన పాఠం నేనే తప్పినట్టు. అతను కనిపెట్టినట్టు. ఆదివారం ఎండని చూసి పట్టుకున్నాడే, ఎంత తెలివైనవాడో అని ఆ సమయంలో కూడా నాకు మంటే కలిగింది. నాకు తెలీదు, వాళ్ళే ఏదైనా పెట్టుకుని ఉంటారు అన్నాను. అతను కుర్చీ వెనక్కి జరిపాడు. సరే అన్నయ్యా, కనుక్కుంటాను అని లేచి వెళ్ళాడు.

కనుక్కున్నాడు. ఆ సాయంత్రానికల్లా ఫైళ్ళు వెళ్ళే వేళ పదకొండు నుంచి సాయంత్రం ఐదుకి మారిపోయింది. సెంటర్లో కంప్యూటరు చూసుకునే అమ్మాయి నాతో మామూలుగా చెప్పింది, మీ తమ్ముడుగారు వచ్చి ఇది పెట్టిందెవరని అడిగారండి, మీరే పెట్టారని చెప్పాను అని. ఆ రాత్రి అంతా అతని ఫోను కోసం చూశాను. రాలేదు. యజమాని దగ్గర కూడా ఏమీ అనలేదు. లైను మళ్ళీ పరీక్షకి పెట్టమని మాత్రం అడిగాడట. పద్ధతి ప్రకారం మళ్ళీ నేనే వెళ్ళాను. తొమ్మిది. వెయ్యికి వెయ్యీ వచ్చాయి. ఒప్పుకోదగినది అని రాసి సంతకం పెట్టాను. యజమాని షీటు చూసి, మొత్తానికి ఇద్దరూ కలిసి సాధించారు అని భుజం తట్టాడు. అమ్మ చెప్పిన మేస్త్రీ మా ఆఫీసులో ఉండి ఉంటే, నేను మొదటి పరీక్షకి బయలుదేరిన రోజు పొద్దున్నే నా మొహం చూసి పళ్ళెం ఇంకొకరి ముందు పెట్టేవాడు. మా యజమాని బట్టీ నుంచి సగం పద్ధతే తెచ్చాడు.

వీడియోలో డాక్టరు మొదట చూసింది అత్తనే. మేం ఇద్దరం వెళ్ళాం, ఏదైనా తేడా వస్తే చూడటానికి. ఆవిడ కుర్చీలో కొంగు సర్దుకుని కూర్చుంది. తెర మీద డాక్టరు కనిపించగానే రెండు చేతులూ జోడించింది. ఆయన నమస్కారమమ్మా అన్నారు. మాటకి మాట అందింది. ఎక్కడా తడబాటు లేదు, ఆగడం లేదు. పక్క గదిలో ఉన్న మనిషితో మాట్లాడినట్టే ఉంది. ఆయన లైను చాలా బాగుందే అని మెచ్చుకున్నారు. ఆవిడ నా వైపు చెయ్యి చూపించింది.

"మా పెద్ద బాబేనండి. సిన్న బాబు ఏసింది పాడైపోతే ఈ బాబే పట్టుకున్నాడు. సరయ్యేదాకా ఒప్పుకోనేదండి."

నేను అతని వైపు చూడలేకపోయాను. నేల వైపు చూశాను. అది నేను మాట్లాడాల్సిన సమయం. అతని గొంతు వినిపించింది. "అవునండి. అన్నయ్యే పట్టుకున్నాడు," అన్నాడు.

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని చెవులు రిక్కించి వెతికాను. లేదు. ముసలావిడ ముందు గొడవ ఎందుకని అన్నాడో, నా పరువు కోసం అన్నాడో, నాకు తగలాలనే అన్నాడో ఇప్పటికీ నాకు తెలీదు. నేనైతే అనలేను. నాకు అలాంటి పని ఎవరైనా చేస్తే ఊరూవాడా ఏకం చేసేవాణ్ణి. అతను అలా అనగలిగాడని, నేను అనలేనని తెలిసి, అక్కడ నిలబడే, మళ్ళీ అతని మీద కుళ్ళుకున్నాను.

ఆ ఆదివారం అత్త మమ్మల్ని భోజనానికి పిలిచింది. బస్సు దిగి నడుస్తుంటే స్తంభాల మీద కొబ్బరి మట్టలు ఇంకా అలాగే ఉన్నాయి, ఎండి గోధుమరంగుకి తిరిగాయి. అతను విప్పలేదు. ఇంట్లో వంజరం పులుసు వాసన వస్తోంది. ఆవిడ ఆ పులుసు తినకూడదు, ఉప్పు కూడా నోట వేసి చూడకూడదు, అయినా తానే వండింది. ఇద్దర్నీ పక్క పక్కన కూర్చోబెట్టింది. గరిటె దాకలో తిరిగింది. అలవాటు కొద్దీ నేను పక్కకి చూశాను. గరిటె వచ్చి నా కంచం మీద ఆగింది. పొట్ట ముక్క, మెత్తగా, ఒక్క ముల్లు లేనిది.

"తిను బాబూ. నీ వొల్లే గదా నాకా రైలు తప్పింది," అంది.

పక్కన నా తోడల్లుడు తల వంచుకుని తోక ముక్కలో ముళ్ళు ఏరుకుంటున్నాడు. ముంజేతుల మీద మట్టల గీతలు ఇంకా మానలేదు. ఆ ముక్క తీసి అతని కంచంలో వేయొచ్చు. అత్తా, నేను చేసిందిది అని ఒక్క మాట చెప్పొచ్చు. ఇంకొంచెం పులుసు వెయ్యమని కంచం ముందుకి జరిపాను.